కాలలేదు... కానీ ఇల్లు లేదు!

మండు వేసవి మధ్యాహ్నం. కోనసీమలో ఓ తాటాకిల్లు అంటుకుంటుంది. గాలి ఎటు వీస్తే మంట అటే. ఫైరింజన్ వచ్చేసరికి ఆ ఇల్లు బూడిద. మిగతా పేటయినా దక్కాలి కదా! సిబ్బంది పక్కింటి కప్పు లాగేస్తారు, గోడ పడగొడతారు. మంట అక్కడితో ఆగుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

మర్నాడు నష్టం రాసుకోవడానికి రెవెన్యూవాళ్లు వస్తారు. 'మీ ఇల్లు కాలలేదు కదమ్మా' అంటారు. 'కాలలేదండీ. కానీ ఉండటానికి ఇల్లు లేదండీ' అంటుంది ఆ ఇల్లాలు. పదిళ్లను కాపాడిన ఇంటికే పరిహారం రాకపోతే ఎలా?

ఫైర్‌వాళ్ల మీద దావా వేద్దామంటే నెగ్గడం కష్టం. మంట ఆర్పడానికి తలుపులు పగలగొట్టే, గోడలు కూల్చే అధికారం చట్టమే వాళ్లకిచ్చింది. సదుద్దేశంతో చేసిన పనికి రక్షణ కూడా ఇచ్చింది. అది న్యాయమే. గొడ్డలి ఎత్తేముందు కోర్టు గుర్తొస్తే ఊరు మిగలదు.

మరి దారేదీ? అగ్నిమాపక దళం వల్ల జరిగిన నష్టాన్నీ బీమాలో అగ్నినష్టంగానే లెక్కగట్టాలని లండన్‌లో 1865లోనే చట్టం చేశారు. మన దగ్గరా బీమా ఉంటే, మంట ఆర్పిన నీళ్లకు తడిసి పాడైన సామాను అగ్నినష్టం కిందికే వస్తుంది. ఇళ్ల కోసం 2021 ఏప్రిల్‌లో వచ్చిన 'భారత్ గృహ రక్ష' పాలసీలో శిథిలాలు తీయించే ఖర్చుకూ చోటుంది.

బీమా లేనివాళ్లకు ప్రభుత్వ సాయమే దిక్కు. విపత్తు సహాయ నిధి వర్తించే ప్రమాదాల్లో అగ్నిప్రమాదమూ ఒకటి. అందుకే 'మంట వ్యాపించకుండా కూల్చిన ఇల్లు' అని పంచనామాలో స్పష్టంగా రాయించుకోవాలి. శిథిలాలు ఎత్తకముందే ఫొటోలు తీయించాలి. ఫైర్ స్టేషన్ నుంచి నివేదిక నకలు తీసుకోవాలి.

గోదావరి వరదల్లోనూ ఇదే జాగ్రత్త. 2022 జులైలో లంక గ్రామాలు మునిగినప్పుడు రాకపోకలకు పడవలే ఆధారమయ్యాయి. అలాంటి వేళ అధికారులు మీ పడవనో, ట్రాక్టరునో సహాయక పనులకు స్వాధీనం చేసుకుంటే, స్థానిక అద్దె ప్రకారం పరిహారం చెల్లించాలని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం చెబుతోంది. చాలదనిపిస్తే గడువులోగా దరఖాస్తు చేసి, మధ్యవర్తికి నివేదించమని ప్రభుత్వాన్ని కోరవచ్చు. కాకపోతే పడవ తీసుకున్నట్టు రాతపూర్వక ఉత్తర్వు చేతిలో ఉండాలి.

కాపాడినవాళ్లకు దండం పెట్టాల్సిందే. పెట్టాక కాగితం అడగడం మాత్రం మరవకూడదు.