షేర్లలో పేదవాడి వాటా ఎంత?

రంజాన్ మాసం సమీపిస్తున్న కొద్దీ ముస్లిం కుటుంబాలలో జకాత్ లెక్కలు మొదలవుతాయి. పూర్వం ఈ లెక్క తేలికగా ఉండేది. బంగారం, వెండి, రొక్కం, దుకాణంలోని సరుకుల విలువ కట్టి, తీర్చవలసిన బాకీలు మినహాయించి, మిగిలినదానిలో నూటికి రెండున్నర వంతున చెల్లించేవారు. నేడు మధ్యతరగతి పొదుపులో కొంత భాగం డీమ్యాట్ ఖాతాలకు చేరింది. కంటికి కనిపించని ఈ సంపదను అమ్మకపు సరుకుగా భావించాలా, ఫలమిచ్చే ఆస్తిగా భావించాలా అన్నదే అసలు చిక్కు.

సౌదీ అరేబియాలో కంపెనీల నుంచి ప్రభుత్వమే జకాత్ వసూలు చేస్తుంది. భారతదేశంలో అటువంటి ఏర్పాటు లేదు. లెక్క కట్టే బాధ్యత పూర్తిగా మదుపరిదే. 1988లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఈ విషయంలో మూడు మార్గాలు చూపింది. లాభానికి అమ్ముకొనేందుకు కొన్న షేర్లు వ్యాపార సరుకుతో సమానం. వాటి మార్కెట్ విలువ మొత్తంపై జకాత్ చెల్లించాలి. ఏటా ఆదాయం కోసం దాచుకొన్న షేర్ల విషయంలో, కంపెనీ లెక్కలు తెలిసినప్పుడు, జకాత్ వర్తించే ఆస్తులలో తన వాటాను బట్టి చెల్లించాలి. ఆ లెక్కలు తెలుసుకొనే వీలు లేనప్పుడు డివిడెండుపై మాత్రమే, అదీ అందిన నాటి నుంచి ఏడాది గడిచాక చెల్లించాలి.

ఈ మూడింటి మధ్య వ్యత్యాసం స్వల్పమైనది కాదు. ఒకరి వద్ద నాలుగు లక్షల రూపాయల షేర్లు ఉన్నాయనుకొందాం. మొదటి మార్గంలో జకాత్ 10,000 రూపాయలు. కంపెనీ ఆస్తులలో భవనాలు, యంత్రాలు పోగా నగదు, సరుకు నిల్వలు, రావలసిన బాకీలు 30 శాతమైతే, ఆ నిష్పత్తిని షేర్ల విలువకు అన్వయించగా రెండవ మార్గంలో 3,000 రూపాయలు. ఏడాదికి 8,000 రూపాయల డివిడెండు వచ్చి, ఖర్చు కాకుండా నిలిస్తే, మూడవ మార్గంలో కేవలం 200 రూపాయలు.

సహజంగానే మనసు 200 వైపు మొగ్గుతుంది. అయితే ఆ వెసులుబాటు లెక్కలు తెలియనివారికి ఉద్దేశించినదన్న సంగతి మరువరాదు. స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన కంపెనీల ఆస్తి అప్పుల పట్టికలు నేడు ఎవరైనా ఉచితంగా చూడగలరు. కనుక తెలియదన్న సాకుకు ఇప్పుడు చోటు బాగా తగ్గింది. ధర పెరగగానే అమ్మే ఉద్దేశంతో కొని, రంజాన్ వచ్చేసరికి దీర్ఘకాలిక మదుపు అనడం కూడా తగదు.

మరి కొన్ని జాగ్రత్తలు అవసరం. లెక్కకు తీసుకోవలసినది కొన్న ధర కాదు, చాంద్రమాన సంవత్సరం పూర్తయిన నాటి ధర. నష్టాలలో ఉన్న షేర్లకూ ఆనాటి విలువే ప్రమాణం. అర్హత పరిమితి అయిన నిసాబ్ 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువ. వెండి లెక్కన చూస్తే ఈ పరిమితి ఎంతో తక్కువ. అందువల్ల ఎక్కువమంది చెల్లించవలసినవారవుతారు.

జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలను ఖురాన్ తొమ్మిదవ అధ్యాయం పేర్కొన్నది. వారిలో మొదట నిలిచినవారు నిరుపేదలు. లెక్క ఎంత జటిలమైనా, అందులో తేడా వస్తే నష్టపోయేది చివరకు వారే.