పందికొక్కు నేర్పిన ఇంగ్లీషు

మా పేట పేరులోనే ఇంగ్లీషుంది. రెజిమెంటల్ బజార్. సికింద్రాబాదులో తెల్లవాళ్ల పటాలాలు మకాం వేసిన రోజులనాటి పేరది. కూరలమ్మే అవ్వ దగ్గర్నుంచి ఆటో నడిపే అబ్బాయి దాకా ఆ మాట తడుముకోకుండా అంటారు. ఎవరూ స్పెల్లింగు బట్టీపట్టి నేర్చుకోలేదు. రోజూ అవసరమైన మాట కనుక నోటికొచ్చేసింది.

డిగ్రీ చదివిన నేను మాత్రం మా అబ్బాయి స్కూల్లో టీచరమ్మ ఇంగ్లీషులో ఏదో అడిగితే, నవ్వి ఊరుకుని ఇంటికొచ్చాను. తెలియక కాదు, నోరు పెగలక. ఆ రాత్రే డిక్షనరీ ముందేసుకుని రోజుకు పది మాటలని లెక్కపెట్టుకున్నాను. సోమవారం నేర్చిన మాట గురువారానికి గుర్తుంటే ఒట్టు!

చివరికి దారి చూపింది ఓ చిరుతపులి. 2024 ఏప్రిల్ చివర శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ దగ్గర చిరుత కనబడిందని వార్త. మా వీధంతా అదే కబురు. తెలుగు పేపరు చదివాక ఆత్రం ఆగక ఇంగ్లీషు పేపరూ తెప్పించాను. మధ్యాహ్నం పనులు తెమిలాక పక్కింటి వదినా, ఎదురింటి కొత్తకోడలూ వచ్చి కూర్చునేవారు. కథ ముందే తెలుసు కనుక మాటలు వాటంతటవే విడివడ్డాయి. మేకను ఎరగా కట్టారన్నచోట ‘బెయిట్’. అడుగుజాడల దగ్గర ‘పగ్‌మార్క్’. అందులోని ‘పగ్’ హిందీలో పాదమేనని తెలిసి వదిన మురిసిపోయింది. మే మొదట్లో చిరుత బోనులో పడేసరికి మా నోటుబుక్కులో ముప్పై మాటలు చేరాయి. ఇప్పటికీ అవి మరిచిపోలేదు.

ఆ వార్తల్లో మళ్లీ మళ్లీ తగిలిన మాట ‘స్ట్రే’. అంటే దారి తప్పడం. కొత్తకోడలు నెమ్మదిగా అడిగింది, “దారి తప్పింది ఎవరక్కా? ఆ విమానాశ్రయం 2008లో కదా వచ్చింది?” మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. మనిషి గుట్టల మీదికి వెళితే ‘డెవలప్‌మెంట్’, గుట్టల్లోది మనవైపు అడుగేస్తే ‘స్ట్రే’. మన భాషలో మాత్రం లేదా ఇది? అబ్బాయి పొద్దుపోయి వస్తే పనిమీద వెళ్లాడంటాం, అమ్మాయి వస్తే తిరిగొచ్చిందంటాం. మాట నేర్చుకునేటప్పుడు అది ఎవరి వైపు నిలబడి మాట్లాడుతోందో చూడాలని ఆ రోజు తెలిసింది. చిరుతను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుతకు బలైనప్పుడు నా కడుపూ తరుక్కుపోయింది.

కొన్ని మాటల మధ్య తేడా కూడా వార్తలే చెప్పాయి. మనదేశంలో చీతాలు ఇక లేవని 1952లో ప్రకటించారు. దానికి మాట ‘ఎక్స్‌టింక్ట్’. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిదింటిని కూనో అడవికి తెచ్చుకోవాల్సి వచ్చింది. మన రోళ్లపాడు పచ్చికబయళ్లలో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పిట్ట ఇంకా దేశంలో అక్కడక్కడా మిగిలుంది. దానికి మాట ‘ఎన్‌డేంజర్డ్’. ఒకదాంట్లో ఆశ అయిపోయింది, రెండోదాంట్లో కాస్త మిగిలింది. డిక్షనరీలో ఈ రెండూ పక్కపక్కనే చదివినా నాకింత తేడా తెలిసేది కాదు.

అన్నిటికంటే నాకు ధైర్యమిచ్చింది పందికొక్కు! మా మోరీల్లో రాత్రిళ్లు తిరిగే పందికొక్కునే ఇంగ్లీషువాళ్లు ‘బ్యాండికూట్’ అంటారు. మన తెలుగు మాటే వాళ్ల నోట అలా తిరిగింది. ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉండే ఒక జంతువుకు, దీనితో ఏ చుట్టరికమూ లేకపోయినా, అదే పేరు పెట్టేశారు. మన మాటను వాళ్లు వంకరగా పలికి ఏ మొహమాటమూ లేకుండా వాడుకుంటుంటే, వాళ్ల మాటను మనం తప్పుగా పలికితే సిగ్గెందుకు?

బతుకుతో ముడిపడ్డ అక్షరం ఎంత పని చేస్తుందో మన ఆడవాళ్లు ఎప్పుడో చూపించారు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రాత్రిబడిలో సారా గురించి పాఠం చదివి, సారా దుకాణాల మీదికి కదిలారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మాది అంత గొప్ప పని కాదు. కానీ నేర్చుకునే తీరు అదే.

మీరూ ప్రయత్నించండి. వారానికి ఒక్క వార్త, అయిదు మాటలు చాలు. ముందు తెలుగులో చదవండి, తర్వాత ఇంగ్లీషులో. అర్థం ఊహించాకే డిక్షనరీ తెరవండి. చివర ఆ కథను మీ మాటల్లో, తప్పులతోనే, పక్కవాళ్లకు ఇంగ్లీషులో చెప్పండి. వంటింట్లో గోడకు చెప్పినా సరే.

మొన్న స్కూలు మీటింగులో నేను మూడు వాక్యాలు మాట్లాడాను. రెండింట్లో తప్పులున్నాయని మా అబ్బాయి దారిలో చెప్పాడు. మూడోది బాగుందన్నాడు.