మతిమరుపు కాదు, ఆకలి

కృష్ణానగర్‌లో తెల్లవారకముందే షూటింగు బండ్ల కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టుల దగ్గరికి సంఘం పనిమీద వెళుతుంటాను. వాళ్లలో ఒక అమ్మాయి పోయిన ఏడు నాతో అంది: "అక్కా, నాకు మతిమరుపు వచ్చింది. రెండు ముక్కల డైలాగు కూడా నిలవటం లేదు. అందరిముందూ మొద్దు అనిపించుకున్నాను."

ఏం తింటున్నావని అడిగాను. పొద్దున టీ, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, రాత్రి మజ్జిగ. నెలసరి ఆగి ఐదు నెలలు. ఎముకలు కనబడుతున్నా ఇంకా లావుగా ఉన్నానంటుంది. లావైతే వేషం రాదని ఆమెకు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. డాక్టరు దీన్ని అనొరెక్సియా నెర్వోజా అన్నారు.

ఈ మాట మా సమావేశంలో చెబితే, "తిండిలేనివాళ్ల సంగతి చూడక ఈ సోకు జబ్బులెందుకు?" అని ఒక మిత్రురాలు అడిగింది. సోకు కాదిది. మానసిక వ్యాధుల్లో ఎక్కువమంది ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి.

శరీరం బరువులో మెదడు వంతు నూటికి 2. శరీరం ఖర్చుచేసే శక్తిలో దాని వంతు దాదాపు 20. తిండి మానితే కండతోపాటు మెదడూ చిక్కిపోతుంది. స్కానింగుల్లో అది కనబడుతుంది. ధ్యాస నిలవదు. ధ్యాస నిలవనప్పుడు ఏదీ జ్ఞాపకంలోకి ఎక్కదు. ఆలోచన తిండి, బరువు చుట్టూనే తిరుగుతుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు సగం తిండే పెట్టి చూశారు. మనసు నిలవటం లేదని వాళ్లూ మొరపెట్టుకున్నారు. తెలివితేటల పరీక్షల్లో మాత్రం పెద్ద తేడా రాలేదు. తెలివి పోలేదు, ఆకలి దాన్ని కమ్మేసింది. బరువు తిరిగొస్తే మెదడు కూడా చాలావరకు కోలుకుంటుంది. మరి మన అమ్మాయిని మొద్దు అనటం ఏం న్యాయం?

2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్లకే న్యూజెర్సీలో చనిపోయింది. కొన్ని వారాల ముందే కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకుంది. ఆమెకు ఈ జబ్బు ఉందని నేననటం లేదు. ఆడదాని ఒళ్లు తూచే తక్కెడ ఒకటేనంటున్నాను. అదే ఏడు నవంబరులో బరువు తగ్గించే వ్యాపారంపై 'సైజ్ జీరో' సినిమా తీసిన పరిశ్రమ, తన తక్కెడను మాత్రం పక్కన పెట్టలేదు. ఫ్రాన్సులో 2017 నుంచి మోడళ్లకు ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి. అలాంటి నియమం మనమెందుకు అడగకూడదు?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ సేవల్లో మానసిక వైద్యం పొందటం హక్కు. కృష్ణానగర్‌కు ఎర్రగడ్డ ఆసుపత్రి దగ్గరే. కానీ ఆ పేరునే మనం తిట్టుగా మార్చుకున్నాం. ముందు మన నోళ్లు సరిచేసుకుందాం.

కార్యకర్తలకు ఒక మాట. ఇలాంటి అమ్మాయిని "తిను, తిను" అని గదమాయించకండి. బాగా చిక్కిపోయినవాళ్లకు ఒక్కసారిగా కడుపునిండా పెట్టినా గుండెకు ప్రమాదం. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి.

మా అమ్మాయి వైద్యంలో ఉంది. బరువు కొద్దికొద్దిగా వస్తోంది. మొద్దు అన్నవాళ్లు మాత్రం ఆ మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు.