అట్టతో సహా

తిరుపతిలోనో చిత్తూరులోనో పాత మిద్దె పడగొట్టి అపార్ట్‌మెంట్ కడదామనుకుంటే ముందుగా ఖాళీ అయ్యేది అటక. ఇత్తడి బిందెలు, రాగి గంగాళాలు ఎవరికి చెందాలో అన్నదమ్ములు కూర్చుని తేల్చుకుంటారు. మూటగట్టిన పత్రికల దగ్గరికొచ్చేసరికి వాటా అడిగేవాళ్లుండరు. పాత పేపర్లవాడు కాటా తగిలిస్తాడు. మొన్నటి దినపత్రికకూ 1956 నాటి ఆంధ్రప్రభ వారపత్రికకూ ఒకటే రేటు. మన సీమ డెబ్బై ఏళ్ల కిందట ఏం చదివిందో, ఏం కొనుక్కుందో, దేనికి కన్నీళ్లు పెట్టుకుందో చెప్పగల సాక్ష్యం అలా తూకానికి పోతోంది.

ఆ పత్రికలు మన అటకల మీద పోగుపడటానికి కారణం మద్రాసు. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో మొదలుపెట్టిన భారతి, అంతకుముందు నుంచీ ఆయన నడిపిన ఆంధ్రపత్రిక, నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో తెచ్చిన చందమామ, ఖాసా సుబ్బారావు స్థాపించిన తెలుగు స్వతంత్ర, అన్నీ అక్కడే అచ్చయ్యేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినా అచ్చుయంత్రాలు ఆ మర్నాడే మూటాముల్లె సర్దుకోలేదు. పుత్తూరు, తిరుపతి, చిత్తూరు పాఠకులకు అవి పక్కఊరి పత్రికల్లాగే ఉండేవి. నగరి వైపు ఇళ్లలో చందమామ పక్కనే తమిళంలో అంబులిమామ, కల్కి, ఆనంద వికటన్ కూడా దొరుకుతాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు వైపు పోయింది, సత్యవేడు ఆంధ్ర వైపు వచ్చింది. పటం మీద గీత మారిందే గానీ రెండు భాషల్లో చదువుకునే ఇళ్లు మారలేదు.

ఈ ఇళ్లలో ఎక్కువగా దొరికేవి పూర్తి సంచికలు కావు, సీరియల్ బైండ్లు. వారం వారం వచ్చే సీరియల్ కాగితాలు చించి, వరుసగా పెట్టి, నవల ముగిశాక దారంతో కుట్టించి గుడ్డ అట్ట వేయించేవాళ్లు. ఎక్కువగా ఆడవాళ్లు చేసిన పని ఇది. చేతులు మారి, వీధంతా తిరిగి, అంచులు నలిగిన ఆ బైండ్లను చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ తల్లులు దాచకపోతే ఆ మాత్రమైనా మనకు మిగిలేది కాదు. అయినా ఇప్పుడు సేకరించేవాళ్లకు నేను చెప్పేది వేరు. కథ ఒక్కటే చాలదు. అట్ట, ప్రకటనలు, ఉత్తరాలు, ఆఖరి పేజీ కింద అచ్చాపీసు పేరు, అన్నీ ఉన్న సంచిక కావాలి.

ప్రకటనల సంగతే తీసుకోండి. అమృతాంజనం 1893లో పెట్టింది నాగేశ్వరరావుగారే. భారతిలో పద్యం అచ్చయిందంటే దాని వెనక ఆ తలనొప్పి మందు డబ్బుంది. గృహలక్ష్మి పత్రికను 1928లో తెచ్చిన కె.ఎన్. కేసరి లోధ్ర మందు అమ్మిన వైద్యుడు. మందు ప్రకటన చించేసి సాహిత్యం మాత్రం దాచుకుంటే ఆ సాహిత్యానికి కూడు పెట్టిందెవరో తెలియకుండా పోతుంది. ఇంకో ఉపయోగమూ ఉంది. అట్ట ఊడి, తేదీ లేని సంచిక చేతికొచ్చినప్పుడు ప్రకటనల్లో ధరలు చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు. నయాపైసల్లో ఉంటే తర్వాతిదే.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కథకుల వరకూ వస్తే ఈ నష్టం మరింత తెలుస్తుంది. మొగరాలలో పుట్టి, దామలచెరువులో ఉండి, బడిపంతులుగా పనిచేస్తూ వందల కథలు రాసిన మధురాంతకం రాజారాం సంపుటాలు ఉన్నాయి. 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం కూడా వాటికే వచ్చింది. కానీ ఒక కథ మొదట ఏ వారం వచ్చింది, పక్కన ఏ బొమ్మ వేశారు, తర్వాతి వారాల్లో పాఠకులు ఏమని ఉత్తరాలు రాశారు అన్నవి సంపుటంలో దొరకవు. ఇక సంపుటమే రాని రచయితలకైతే ఆ సంచికే సర్వస్వం.

కాగితం మనకోసం ఆగదు. తిరుపతి ప్రాచ్య పరిశోధనా సంస్థలో తాళపత్రాలున్నాయి. సరిగా చూసుకుంటే ఆకు మూడు వందల ఏళ్లు నిలుస్తుంది. కర్రగుజ్జుతో చేసిన చౌక కాగితం తనలోని ఆమ్లంతో తానే పండి, విరిగి, పొడి అయిపోతుంది. 1955 నాటి వారపత్రిక మడత దగ్గర ఇప్పటికే పెళుసెక్కింది. తుప్పుపట్టిన పిన్నులు మెల్లగా తీసేయండి. చిరుగులకు సెల్లోటేపు అంటించొద్దు, లామినేషన్ అసలు వద్దు. గోడకు, నేలకు తగలకుండా బీరువాలో పడుకోబెట్టి దాచండి.

ఇంటర్నెట్లో స్కాన్లు ఉన్నాయి కదా అనేవాళ్లున్నారు. ఉన్నాయి, వాటికి నేను రుణపడి ఉన్నాను. కానీ వాటిలో చాలా వరకూ గ్రంథాలయ బైండ్ల నుంచి తీసినవి. బైండు చేసేటప్పుడే అట్టలు పోయినవెన్నో. వడ్డాది పాపయ్య బొమ్మల రంగులు చూడాలంటే అసలు అట్టే కావాలి. పాతపుస్తకాల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు వెతుక్కునే మద్రాసు మూర్ మార్కెట్ 1985 మే 30న కాలిపోయింది. ఇక మిగిలింది ఇళ్లే.

పాత పత్రికలకు ఒక గూడు దొరికే అదృష్టం ఉత్తరాంధ్రకు పట్టింది. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచి, తెలుగు కథలున్న పత్రికలన్నిటికీ ఒక చిరునామా ఇచ్చారు. 1954 నుంచి విశ్వవిద్యాలయం ఉన్న తిరుపతికి, జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉన్న చిత్తూరుకు అలాంటి గది ఒక్కటి కష్టం కాదు. గది సమకూరేలోగా జాబితా మొదలుపెట్టొచ్చు: పత్రిక పేరు, నెల, సంవత్సరం, అట్ట ఉందా లేదా, ఏ ఊళ్లో ఉంది. పత్రికలు ఇచ్చేయమని ఎవరినీ అడగక్కర్లేదు. ఇల్లు పడగొట్టేరోజున పాత పేపర్లవాడికంటే ముందు ఎవరికి ఫోన్ చేయాలో ఆ ఇంటివాళ్లకు తెలిస్తే చాలు.