వెనక బరువు... ముందు ముప్పు!

లాస్ ఏంజెలెస్ నుంచి ఉత్తరానికి వెళ్లే ఐ-5 రహదారి టెహోన్ కనుమ ఎక్కి, అవతల లోయలోకి దిగుతుంది. ఆ దిగుడునే అక్కడివాళ్లు గ్రేప్‌వైన్ అంటారు. 6 శాతం వాలు. పక్కనుంచి ఈడ్చికొట్టే గాలి.

సెలవులకి బయల్దేరిన ఓ తెలుగు కుటుంబం కారు ఆ దారిలో దిగుతోంది. వెనక అద్దెకు తెచ్చుకున్న చిన్న ట్రావెల్ ట్రైలరు. మంచం, పొయ్యి, సింకు... చక్రాల మీద చిన్నిల్లన్నమాట! కారులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన తాతయ్య. ట్రైలరు లాగే వాహనాలకి కాలిఫోర్నియాలో వేగపరిమితి గంటకు 55 మైళ్లు. స్పీడోమీటరు మాత్రం 65 చూపిస్తోంది.

నెమ్మదిగా దిగుతున్న ఓ లారీని దాటారు. దాని చాటు తప్పగానే గాలి ఒక్కసారిగా ట్రైలరుని తోసింది.

''ఏమండీ, వెనక ఊగుతోంది!''

అద్దంలో చూస్తే ట్రైలరు కుడికీ ఎడమకీ ఊగుతోంది. ఊపు ఊపుకీ పెరుగుతోంది. కారు తోకను కూడా అటూ ఇటూ లాగేస్తోంది. ఆయన కాలు బ్రేకు మీదికి వెళ్లబోయి ఆగింది. ట్రైలరు అద్దెకిచ్చినతను ఒకటికి రెండుసార్లు చూపించిన చిన్న మీట గుర్తొచ్చింది. స్టీరింగు తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు వదిలేసి, ఆ మీట నెమ్మదిగా జరిపారు. ట్రైలరు చక్రాలకి మాత్రమే బ్రేకు పడింది. నాలుగైదు ఊపులకి ట్రైలరు దారికొచ్చింది.

కాడి లేస్తే...

కొండ దిగాక పెట్రోలు బంకులో ఆపారు. తాతయ్య ట్రైలరు తలుపు తీసి చూశారు. వెనకగోడ వారన 20 పౌండ్ల బియ్యం సంచులు రెండు, మంచినీళ్ల సీసాల పెట్టెలు, ఐసుపెట్టె, కుక్కరు. బయట వెనక బంపరుకి పిల్లల సైకిళ్లు.

''ఏరా, బరువంతా వెనకేశావే! ఎడ్లబండైతే ఈపాటికి కాడి లేచిపోయేది.''

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ధాన్యం తోలినవాళ్లందరికీ తెలిసిన సంగతే. బండికి ఇరుసు ఒకటే. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎడ్ల మెడకి ఉరి పడుతుంది. అందుకే బస్తాలు కాస్త ముందుకి మొగ్గేలా వేస్తారు. చిన్న ట్రైలరుకీ ఇరుసు ఒకటే. కాడికి బదులు కారు వెనకుండే ఇనుపగుండు.

ఆ గుండు మీద ఎంత బరువు ఆనాలి? అమెరికాలో పాటించే లెక్క ప్రకారం ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం. సామానుతో కలిపి 1,500 కిలోలుంటే 150 నుంచి 225 కిలోలు. అంతకన్నా తగ్గితే తోక ఊపు మొదలవుతుంది. అలాగని మరీ పెంచితే కారు వెనక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు పట్టు తప్పుతుంది.

నీళ్ల ట్యాంకునీ మరిచిపోకూడదు. 30 గ్యాలన్ల నీళ్లంటే సుమారు 113 కిలోలు! ట్యాంకు ఇరుసుకి వెనక ఉంటే, నింపగానే లెక్కంతా మారిపోతుంది.

బ్రేకు వేస్తే ఏమవుతుంది?

తక్కువ వేగంలో ట్రైలరు ఊగినా, టైర్ల పట్టు ఆ ఊపుని చంపేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. ఒక హద్దు దాటాక ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. వెనక బరువు ఎక్కువైతే ఆ హద్దు ఇంకా తొందరగా వచ్చేస్తుంది. టైర్లలో గాలి తక్కువున్నా అంతే.

అప్పుడు స్టీరింగు తిప్పి సరిచేద్దామనుకుంటే పొరపాటే. మన చెయ్యి కదిలేలోపు ట్రైలరు రెండో వైపుకి వచ్చేస్తుంది. అంటే మనమే ఊపుకి ఊపు జోడిస్తాం! కారు బ్రేకు గట్టిగా తొక్కితే ఇంకా ప్రమాదం. ముందు కారు ఆగుతుంది, వెనక ట్రైలరు తోస్తుంది. రెండూ మడతకత్తిలా ముడుచుకుంటాయి. వేగం పెంచితే తిన్నగా అవుతుందనే మాట కూడా వినిపిస్తుంటుంది. అసలు గొడవే వేగంతో అయినప్పుడు, అదీ దిగుడులో, అది ప్రాణాలతో చెలగాటమే.

ట్రైలరు బ్రేకు ఒక్కటే వేస్తే మాత్రం అది కారుని వెనక్కి లాగుతుంది. వంకరపోయిన తాడుని రెండు కొసలా లాగితే తిన్నగా అయినట్టే.

పరికరాలున్నాయిగా...

ఊపుని అదుపు చేసే సాధనాలు చాలానే వచ్చాయి. ట్రైలరుకీ కారుకీ మధ్య బిగించే రాపిడి కడ్డీ ఒకటి. ఇది కీలుని కాస్త బిగువుగా ఉంచుతుంది. మంచు మీదా, జారుడు రోడ్ల మీదా, వెనక్కి నడిపేటప్పుడూ దీన్ని వదులు చేయాలో తీసేయాలో తయారీదారు సూచనల్లో చూసుకోవాలి. గుండు మీది బరువుని కారు ముందు చక్రాలకీ, ట్రైలరు చక్రాలకీ పంచే హిచ్ మరొకటి. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి కార్లన్నిటికీ స్థిరత్వాన్ని కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ తప్పనిసరి. చాలా వాహనాల్లో అది ట్రైలరు ఊపునీ పసిగట్టి, చక్రాలకి విడివిడిగా బ్రేకులేసి అదుపు చేస్తుంది.

అన్నీ మంచివే. కానీ ఏదీ తప్పుగా వేసిన బరువుని సరిచేయదు.

బంకులో అరగంట పట్టింది. బియ్యం సంచులు, నీళ్ల పెట్టెలు ఇరుసుకి కాస్త ముందుకి చేరాయి. సైకిళ్లు కారు పైకెక్కాయి. టైర్లలో గాలి చూసుకున్నారు. తాతయ్య ట్రైలరు చుట్టూ ఓసారి తిరిగొచ్చి, కారెక్కి తలుపేసుకున్నారు.

''ఇప్పుడు తోలరా... నిదానంగా!''

స్పీడోమీటరు 55 దాటలేదు. వెనక చిన్నిల్లు బుద్ధిగా వెంట వచ్చింది.