గోడలో ఓ కన్నం ఉంచమంటే ఇంత గొడవా?

స్విఫ్ట్ అనగానే మనవాళ్ళకి ముందు మారుతి కారు గుర్తొస్తుంది. బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో మగ్గిపోతున్న వాళ్ళకి డబ్బులు పంపే నెట్‌వర్కు గుర్తొస్తుంది. ఐఫోన్ యాప్‌లు రాసే నాలాంటి వాళ్ళకేమో 2014లో యాపిల్ వదిలిన ప్రోగ్రామింగ్ భాష. ఆ భాష లోగోలో నారింజ రంగు మీద తెల్లగా ఓ పిట్ట ఎగురుతూ ఉంటుంది చూడండి, నేను చెప్పబోయేది ఆ పిట్ట గురించే. రెండేళ్ళు రోజూ ఆ లోగో చూస్తూ కూడా, అది నిజంగా ఉన్న పక్షి అని నాకు తెలీదు. తెలిసేసరికి దాని ఇల్లు మూయించేశాను.

ఎలాగంటే... ఆన్‌సైట్ అని ఇంగ్లండు వెళ్ళినప్పుడు రీడింగ్‌లో నలుగురం కలిసి ఓ పాత ఇటుకల ఇల్లు అద్దెకి తీసుకున్నాం. నాకు పై గది వచ్చింది. 2023 చలికాలం. చూరు కింద సందుల్లోంచి గాలి ఈల వేసుకుంటూ వచ్చేది. గ్యాసు బిల్లు చూస్తే ఏడుపొక్కటే తక్కువ. ఇక లాభం లేదని ఓనరుకి మెయిల్ పెట్టాను, ఫోటోలూ బాణం గుర్తులూ పెట్టి, బగ్ రిపోర్టు రాసినంత శ్రద్ధగా. ఫిబ్రవరిలో పనివాళ్ళు వచ్చి చూరు కింద పాత చెక్కలు పీకేసి, తెల్ల ప్లాస్టిక్ పలకలు బిగించి, కన్నాలన్నీ మూసేసి వెళ్ళారు. గది వెచ్చబడింది. టికెట్ క్లోజ్ అనుకున్నాను.

మే నెలలో ఒక సాయంత్రం ఆఫీసునుంచి వచ్చేసరికి ఇంటి ముందు కీచుమని అరుపులు. నల్లటి పిట్టలు నాలుగైదు, కొడవళ్ళలా వంగిన రెక్కలతో, వీధి చివర్నుంచి బాణాల్లా వచ్చి సరిగ్గా నా కిటికీ పైన గోడకి కొట్టుకుంటున్నాయి. కొట్టుకోవడం, ప్లాస్టిక్ మీద గోళ్ళు జారడం, వెనక్కి తిరిగి మళ్ళీ రావడం. మా రూమ్మేటు సూర్యాపేటవాడు, "అరే, మన తాటిచెట్ల కాడ తిరిగే పిట్టల్లెక్కనే ఉన్నయి గదరా" అన్నాడు. పక్కింటి పెద్దావిడ కంచె దగ్గరికొచ్చి, అవి ప్రతి ఏడూ ఇదే వారంలో వస్తాయనీ, తలుపు వెతుక్కుంటున్నాయనీ చెప్పింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి మొదలుపెట్టి వాటి గురించి దొరికిందల్లా చదివాను. నలభై గ్రాముల బరువుండే పిట్ట. చలికాలమంతా ఆఫ్రికాలో ఉండి, మూడు నెలల కోసం యూరప్ వచ్చి, పిల్లల్ని పెంచుకుని ఆగస్టుకల్లా వెళ్ళిపోతుంది. తిండి, నీళ్ళు, నిద్ర అన్నీ గాల్లోనే. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చిన్న పరికరాలు కట్టి చూస్తే, కొన్ని పక్షులు పది నెలలు ఎక్కడా వాలకుండా ఎగురుతూనే ఉన్నాయని 2016లో తేలింది. గూటికి కావలసిన ఈకలూ గడ్డిపరకలూ కూడా గాల్లో తేలుతుంటే పట్టుకుని ఉమ్మితో అతికించుకుంటుంది. ఇంత చేసే జీవికి మననుంచి కావలసింది ఒక్కటే, గుడ్లు పెట్టుకోవడానికి ఎత్తులో ఓ కన్నం. కిందటేడు ఏ కన్నంలో పెట్టిందో మళ్ళీ అక్కడికే వస్తుంది. అది లేకపోతే పక్కింట్లో చూసుకోవచ్చు కదా అంటారేమో (నేనూ అదే అనుకున్నాను, కాస్త ఊరట కోసం). వీధిలో ఒకరి తర్వాత ఒకరు చూరు మార్చుకుంటున్నప్పుడు ఆ పక్కిల్లు ఎక్కడుంది? పైగా మూడు నెలల్లో గూడు వెతుక్కుని, గుడ్లు పొదిగి, నెలన్నర పాటు పిల్లల్ని సాకాలి. ఇల్లు వెతకడంలోనే నెల పోతే ఆ ఏడాది ఇక అంతే.

మనలో ఎవరికైనా ఇది చటుక్కున అర్థం కావాలి. పాత ఇళ్ళలో ఆ సందులు ఎవరూ పిట్టల కోసం పెట్టలేదు. డాక్యుమెంటులో ఎక్కడా లేని ఫీచరు. కానీ దాని మీద ఆధారపడి ఒక యూజరు వందేళ్ళుగా బతుకుతున్నాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ప్రకృతి శాస్త్ర మ్యూజియం గోపురం కూడా అలాంటిదే. గాలి ఆడడానికి కట్టిన రంధ్రాల్లో స్విఫ్ట్‌లు చేరితే, డేవిడ్ లాక్ అనే శాస్త్రవేత్త వాటికి పెట్టెలు అమర్చి లోపల్నుంచి గమనించాడు. 1948లో మొదలైన ఆ పరిశీలన ఇంకా సాగుతోంది. మిగతా చోట్ల మాత్రం మనం ఆ సందుని లోపం అనుకుని సరిచేసేశాం. బ్రిటన్‌లో స్విఫ్ట్‌లు 1995 నుంచి సగానికి పైగా తగ్గిపోయాయి. 2021లో ఎర్ర జాబితాలోకి ఎక్కాయి.

చట్టం లేదా అంటే ఉంది. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పిట్ట గూట్లో ఉన్నప్పుడు ఆ గూడు పాడుచేస్తే నేరం. పిట్ట ఆఫ్రికాలో ఉన్నప్పుడు దాని కన్నానికి మాత్రం ఏ దిక్కూ లేదు. మా ఓనరు ఫిబ్రవరిలో చేయించిన పని పూర్తిగా చట్టబద్ధం. యూజరు లాగవుట్ అయ్యాడు కదా అని అకౌంటు తీసేసినట్టన్న మాట.

దీనికి పరిష్కారం వింటే నవ్వొస్తుంది, అంత చిన్నది. స్విఫ్ట్ ఇటుక అని దొరుకుతుంది. లోపల బోలుగా, ముందు చిన్న కన్నంతో ఉంటుంది. గోడ కట్టేటప్పుడే, నేలనుంచి అయిదు మీటర్ల పైన, మామూలు ఇటుకల మధ్య పెట్టేస్తారు. వెనక వైపు మూసే ఉంటుంది కాబట్టి గదిలోకి గాలి రాదు. (అంటే నా గది వెచ్చగా ఉండి, వాటి గూడూ ఉండగలిగేది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.) పిట్టలు గోడంతా పాడుచేస్తాయేమో అన్న భయం కూడా అక్కర్లేదు, వీటివల్ల చెత్త చాలా తక్కువ. ధర సుమారు 35 పౌండ్లు. స్విఫ్ట్‌లు రాకపోతే పిచ్చుకలు చేరతాయి, వాటికీ ఇళ్ళు కరువే.

కొత్తగా కట్టే ప్రతి ఇంట్లో ఇది తప్పనిసరి చెయ్యమని హన్నా బోర్న్-టేలర్ అనే రచయిత్రి 2022లో ఉద్యమం మొదలుపెట్టింది. ఒంటి నిండా ఈకల బొమ్మలు వేయించుకుని లండన్ హైడ్ పార్కులో ప్రసంగం చేసింది. పిటిషన్ మీద లక్ష దాటి సంతకాలు పడ్డాయి, 2023 జూలైలో పార్లమెంటులో చర్చ జరిగింది. మాట్లాడిన వాళ్ళంతా పిట్టల్ని తెగ మెచ్చుకున్నారు, చట్టం మాత్రం రాలేదు. తర్వాత ప్రభుత్వం మారింది. 2025లో అధికార పార్టీ ఎంపీ బ్యారీ గార్డినరే సవరణ పెడితే సొంత ప్రభుత్వమే ఒప్పుకోలేదు. మార్గదర్శకాలు చాలు, బిల్డర్లు వాళ్ళంతట వాళ్ళే చేస్తున్నారు అన్నది వాదన. నిజమే, పెద్ద బిల్డర్లు చాలామంది ఇంటికో గూటి ఇటుక పెడతామని మాటిచ్చారు కూడా.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. "టీమ్ స్వచ్ఛందంగా యూనిట్ టెస్టులు రాస్తుంది" అన్న మేనేజర్ని మీరెవరైనా చూశారా? మరి ఆ టెస్టులు చూశారా? :) షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2024 డిసెంబరులో ఒక నివేదిక ఇచ్చారు. కొత్త ఇళ్ళ కాలనీలు 42 తిరిగి, అనుమతి తీసుకునేటప్పుడు ప్రకృతి కోసం చేస్తామన్నవి చేశారో లేదో లెక్కపెట్టారు. పిట్టలకీ గబ్బిలాలకీ పెడతామన్న పెట్టెల్లో నాలుగింట మూడు వంతులు అసలు లేనే లేవు. ఇదంతా రాతపూర్వకంగా ఒప్పుకున్నది, ఇక స్వచ్ఛందం సంగతి వేరే చెప్పాలా? స్పెక్‌లో ఉంది, బిల్డ్‌లో లేదు, టెస్ట్ చేసినవాడు లేడు.

అందుకే ఇది బిల్డింగ్ నిబంధనల్లోనే ఉండాలంటాను. పొగ అలారం లేని కొత్త ఇంటికి సర్టిఫికెట్ ఇవ్వరు. గోడలో ఇటుక ఉందా లేదా అని చూడటం అంతకంటే తేలిక, రోడ్డు మీద నిలబడి తలెత్తితే చాలు. ఈ ప్రభుత్వం అయిదేళ్ళలో 15 లక్షల ఇళ్ళు కడతామంటోంది. ఇంటికొకటి పెట్టినా మొత్తం అయిదు కోట్ల పాతిక లక్షల పౌండ్లు. వినడానికి పెద్దదే, కానీ ఇంటికి పడేది ముప్ఫై అయిదే. కొనేవాడు వంటగది టైల్స్ దగ్గర బేరమాడే డబ్బు కూడా కాదది.

పురుగులే తగ్గిపోతుంటే ఇటుక పెట్టి ఏం లాభం అని ఒక అభ్యంతరం ఉంది. అది కొట్టిపారేసేది కాదు. పొలాల్లో మందుల సంగతి తేలకపోతే ఉత్త కన్నాలు మిగలొచ్చు. కాకపోతే పురుగుల సమస్య తేలడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అప్పటిదాకా గూడు లేకుండా చేస్తే తర్వాత తినడానికి ఎవరూ ఉండరు. రెండు బగ్‌లు ఉన్నప్పుడు ముందు పది నిమిషాల్లో పోయేది తీసెయ్యమంటాం కదా.

మరి మన దగ్గరో అంటారా? ఆ ఇటుక తెచ్చి మాదాపూర్ అద్దాల మేడలకి పెట్టమని నేననను. మన దగ్గరుండే పొట్టి స్విఫ్ట్‌లు కన్నాల్లో కాదు, పాత కట్టడాల కమానుల కిందా వంతెనల కిందా గుంపులుగా గూళ్ళు అతికించుకుంటాయి. మా సూర్యాపేటవాడు చెప్పిన తాటిచెట్ల పిట్ట కూడా నిజంగా స్విఫ్ట్ జాతిదే, ఎండి వేలాడే తాటాకులకి గూడు కట్టుకుంటుంది. వాటికి కావలసింది వేరు. పాత కట్టడానికి రంగులేసేటప్పుడు గూళ్ళు గీకకుండా రెండు నెలలు ఆగడం, ప్లాట్ల కోసం తాళ్ళు కొట్టకుండా ఉండటం. ఆ రెండోది మన రియల్ ఎస్టేట్ వాళ్ళకి చెప్పి చూడండి.

నేను హైదరాబాద్ వచ్చేసేముందు ఓనరుకి ఇంకో మెయిల్ రాశాను, ప్లాస్టిక్ పలకలో చిన్న కన్నం తీయించి వెనక పెట్టె పెట్టించమని, ఖర్చు నాదేనని. చూద్దాం అన్నాడు. తర్వాత జవాబు లేదు. పక్కింటావిడ మాత్రం తన గోడకే రెండు పెట్టెలు కొట్టించింది. మొదటి ఏడు ఏదీ రాలేదు. మొన్న ఫోటో పంపింది, ఒక పెట్టెలో పిచ్చుకలు కాపురం పెట్టాయి. రెండోది ఇంకా ఖాళీగానే ఉందట.