సబ్బు నురగ కింద వీరుడు

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో మా అమ్మమ్మ ఊరి చెరువు తూము పక్కన ఒక బండ వాలుగా పడి ఉంటుంది. చిన్నప్పుడు మా అవ్వ దాని మీదే దుప్పట్లు ఉతికేది. ఈమధ్య వెళ్ళినప్పుడు నాలుగు చెంబుల నీళ్ళు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది చూశాను. కింది వరసలో ఒక మనిషి బయటపడ్డాడు. చేతిలో విల్లు, నడుముకు బాకు. అతని వెనక మూడు ఆవులు, ఒక దూడ. ఆ దూడ నా బొటనవేలంత కూడా లేదు. తల వెనక్కి తిప్పి తల్లిని చూస్తోంది. తిప్పిన మెడ మీద పడిన మడతను కూడా చెక్కాడు శిల్పి. నడిమి వరసలో ఇద్దరు అప్సరసలు ఆ మనిషిని చంకల కింద చేతులేసి పైకి తీసుకుపోతున్నారు. పై వరస అరిగిపోయింది. బట్టలు బాదేది అక్కడే మరి. మా అవ్వ బాదింది, మా అమ్మ బాదింది. పక్కన కూర్చుని నీళ్ళలో ఆడుకున్నవాణ్ణి నేనే.

అది వీరగల్లు. ఊరి మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం నిలబడి చచ్చినవాడికి ఊరు నిలబెట్టిన రాయి. కింద పోరు, నడుమ స్వర్గానికి పోవడం, పైన శివలింగం ముందు వీరుడు, శిఖరాన సూర్యచంద్రులు. చచ్చినవాడు రాజు కానక్కర్లేదు, కాపరి అయినా చాలు. రాయిని గర్భగుడిలో దాచలేదు. వచ్చేపోయే ప్రతివాడూ చూడాలని చెరువుగట్టు మీదా, పొలిమేరలోనూ పాతారు. ఊరు అడిగింది, శిల్పి చెక్కాడు, ఎండకూ వానకూ వదిలారు. ఇవాళ మనం పబ్లిక్ ఆర్ట్ అని పెద్ద పేరు పెట్టి మాట్లాడుకునేది వెయ్యేళ్ళ కిందట ఈ జిల్లాలో ఊరి ఆచారం.

గంగరాజులు తలకాడుకు తరలకముందు వాళ్ళ రాజధాని ఈ కోలారే. ఆ తర్వాత బాణులు, నొళంబులు, చోళులు ఈ నేల కోసం కొట్లాడుకున్నారు. అందుకే ఇక్కడ ఇన్ని శాసనాలు, ఇన్ని వీరగల్లులు. బి.ఎల్. రైస్ 1905లో 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' శాసనాల సంకలనంలో పదో సంపుటం మొత్తాన్ని ఈ ఒక్క జిల్లాకే కేటాయించాడు. కన్నడం, తమిళం, తెలుగు మూడు భాషల్లోనూ ఉన్నాయి అందులో. తెల్లదొర ఊరూరా లెక్క తీయించాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతూ పెరిగిన మనం ఆ రాళ్ళ మీద సబ్బు రుద్దాం.

ఫోటోలు పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్ళాను. "రక్షిత కట్టడాల జాబితాలో ఉందా?" అన్నారు. లేదన్నాను. "అయితే మాది కాదు." ఇంకో కార్యాలయానికి పోయాను. "ఆ జాగా ఎవరి పేర ఉంది?" అని పహాణీ అడిగారు. నూరేళ్ళు దాటిన శిల్పం ఏదైనా పురావస్తువేనని 1972 నాటి చట్టం చెబుతోంది కదా అన్నాను. అక్కడి అధికారి నా ఫోన్‌లో ఫోటో చూడను కూడా చూడలేదు. ఆ దూడను చూడలేదు! చూసి ఉంటే నాకింత మంట ఉండేది కాదు.

ఊళ్ళో ఒక పెద్దాయన్ని అడిగితే, "గుళ్ళో ఉంటే మొక్కుతాము గానీ, ఇది ఉత్త బండ కదప్పా" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు అలా నేర్పింది మనమే. కోలారు సోమేశ్వరాలయానికీ, కోలారమ్మ గుడికీ, ఆవని గుళ్ళకూ కేంద్ర పురావస్తు శాఖ కంచె ఉంది, బోర్డు ఉంది. కంచె అవతల ఉన్నది కాలువ మీద పలకకు, పశువుల కొట్టం గడపకు పనికొస్తుంది. కారెంపూడిలో పల్నాటి వీరుల కోసం ఏటా కార్తీక మాసంలో ఊళ్ళకు ఊళ్ళే కదిలొస్తాయి. అక్కడి రైతుకున్న మనసు మన రైతుకు లేదా? ఉంది. ఆ బండ మీద ఉన్నవాడు తనలాంటివాడేనని చెప్పినవాళ్ళు లేరు.

ఇక చెక్కే చేతుల సంగతి. మాలూరు తాలూకా శివారపట్నంలో తరతరాలుగా విశ్వకర్మ కుటుంబాలు రాయి చెక్కుతున్నాయి. ఊళ్ళోకి అడుగుపెట్టగానే కట్టర్ రొద, గాలిలో తెల్లటి పొడి. ఒక కొట్టంలో కుర్రవాడొకడు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని అమ్మవారి ముంజేతి గాజులు తీరుస్తున్నాడు. కనురెప్పల మీద కూడా రాతిపొడి. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే జబ్బుకు మందు లేదు. కోలారు బంగారు గనుల్లో మనుషుల్ని తిన్నదీ ఆ జబ్బే. విగ్రహం గుడికి చేరిన రోజు దాత పేరు పాలరాతి మీద ఎక్కుతుంది, ప్రతిష్ఠ చేసిన స్వామివారి పేరు ఎక్కుతుంది. చెక్కినవాడి పేరు? కమ్మసంద్ర కోటిలింగేశ్వరలో 108 అడుగుల లింగం ముందు ఫోటోలు దిగడానికి జనం బారులు తీరుతారు. అక్కడి ఇన్నిన్ని లింగాలను చెక్కిన చేతులు ఎవరివని అడిగినవారిని నేనింతవరకు ఒక్కరినీ చూడలేదు. కురుడుమలె గుడిని సగం జక్కణాచారి, సగం అతని కొడుకు కట్టారని ఊళ్ళో కథ చెబుతారు. శిల్పి పేరు వినాలంటే ఈ జిల్లాలో కథలోనే వినాలి.

పేరు ఎలాగూ ఇవ్వం, పనైనా ఇస్తున్నామా? కూడలిలో బొమ్మ కావాలంటే సిమెంటుదో ఫైబర్‌దో ఎక్కడినుంచో లారీలో దిగుతుంది. గంట దూరంలో ఉలి పట్టుకుని కూర్చున్న ఊరు ఎవరికీ గుర్తుకు రాదు.

ఆ కోలారు బంగారు గనుల ఊరే కేజీఎఫ్. కేజీఎఫ్ అంటే ఇప్పుడు దేశమంతటికీ సినిమా. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన నాటినుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా, మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకు దిగి, బండలు పేలి లోపలే నలిగిపోయినవాళ్ళున్నారు. తమిళులు, తెలుగువాళ్ళు, కన్నడిగులు. నాలుగు ఆవుల కోసం చచ్చిన కాపరికి రాయి నిలబెట్టిన నేల ఇది. ఆ గని కార్మికుడికి శివారపట్నం శిల్పి చేత అదే పద్ధతిలో ఒక వీరగల్లు ఎందుకు చెక్కించకూడదు? కింద సొరంగం, నడుమ పైకి లేపుకుపోయే చేతులు, పైన అతను మొక్కిన దేవుడు, ఏ మతం వాడైతే ఆ దేవుడు. గని మట్టి పోగైన సైనైడ్ దిబ్బల ముందు, బస్సు దిగినవాడి కంటపడేలా. పక్కన చెక్కినవాడి పేరు. ఇది అడగడం పెద్ద కోరికా? నలుగురిని అడిగాను. నలుగురూ "మంచి ఆలోచనే సార్" అని ఫోన్ పెట్టేశారు.

పోయిన నెల మళ్ళీ ఊరికి వెళ్ళాను. తూము దగ్గర కొత్త కాలువకని సున్నంతో గీత గీశారు. గట్టు దిగి, జిల్లేడు పొదలు దాటి, ఆ గీత సరిగ్గా బండ మీదుగా పోయింది. దూడ మీద సున్నం పడింది. తడిచేత్తో తుడిచాను. సోమవారం జేసీబీ వస్తుందని చెప్పారు.